విమర్శకుడి గీటురాయి, రాయపూర్ పల్లె

1981లో రాయపూర్ పరిసరాల పల్లెలకు ఒక చిత్రబృందం వచ్చింది. దూరదర్శన్ కోసం గంటకు లోబడిన నిడివి గల హిందీ చిత్రం నిర్మించడం ఆ బృందం పెట్టుకున్న పని. కథ ప్రేమ్‌చంద్‌ది, పేరు ‘సద్గతి’. దర్శకులు సత్యజిత్ రే. అప్పటికి ఆయన వయస్సు అరవై ఏళ్ళు. ‘పథేర్ పాంచాలీ’ విడుదలై పాతికేళ్ళు దాటింది. నాడు మధ్యప్రదేశ్‌లో భాగంగా ఉండి, 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రానికి రాజధాని అయిన రాయపూర్ సాంస్కృతిక చరిత్రలో ఆ చిత్ర నిర్మాణానికి ఒక స్థానముంది. అయితే ఆ పల్లెలకు వచ్చినది ఒక దర్శకుడు మాత్రమే కాదు, దేశంలోని చలనచిత్ర విమర్శకులలో అగ్రశ్రేణికి చెందిన వ్యక్తి. మూడు దశాబ్దాలకు పైగా ఇతరుల చిత్రాలను నిశితంగా తూచిన ఆయన, తన మాతృభాష కాని భాషలో, తనకు పరిచయం లేని నేల మీద చిత్రం తీశారు. ఆయన తూనికరాళ్ళతోనే ఆ చిత్రాన్ని తూచి చూడడం, ఆ నేల ఆ చిత్రంలో ఎంతవరకు కనిపించిందో విచారించడం అనవసరమైన పని కాదు.

రే విమర్శకుడిగానే చలనచిత్ర రంగంలో అడుగుపెట్టారు. 1947లో చిదానంద దాస్‌గుప్తా మొదలైన మిత్రులతో కలిసి కలకత్తా ఫిల్మ్ సొసైటీని స్థాపించారు. మరుసటి సంవత్సరం ‘స్టేట్స్‌మన్’ పత్రికలో భారతీయ చిత్రాలలోని లోపమేమిటో విచారిస్తూ ఒక వ్యాసం రాశారు. అప్పటికి ఆయన ఒక్క అడుగు ఫిల్మ్ కూడా తీయలేదు. ప్రకటనల సంస్థలో చిత్రకారుడిగా ఉద్యోగం చేస్తున్నారు. సినిమాకు ముడిసరుకు జీవితమేననీ, సంగీతానికి, చిత్రలేఖనానికి ఇంతటి ప్రేరణనిచ్చిన దేశం చిత్రదర్శకుడిని కదిలించలేకపోవడం వింత అనీ ఆ వ్యాసంలో ఆయన వాదించారు. చుట్టూ ఉన్నదానిని కళ్ళు తెరిచి చూడడం, చెవులు నిలిపి వినడం దర్శకుడి మొదటి బాధ్యత అన్నది ఆయన సిద్ధాంతం. తరువాతి పాతికేళ్ళలో ఆయన రాసిన వ్యాసాలన్నీ ఒక రకంగా ఈ సిద్ధాంతానికి వ్యాఖ్యానాలే. అవి 1976లో ‘అవర్ ఫిల్మ్స్, దెయిర్ ఫిల్మ్స్’ అన్న సంపుటంగా వెలువడ్డాయి.

ఆ సంపుటంలో ఇప్పటికీ ఆసక్తి కలిగించేవి సమకాలిక భారతీయ చిత్రాలను గురించి ఆయన వెలిబుచ్చిన అభిప్రాయాలు. పేరు పొందిన దర్శకుడు తోటి దర్శకుల చిత్రాలను గురించి బహిరంగంగా రాయడానికి సాధారణంగా సంకోచిస్తాడు. మెచ్చుకుంటే మొగమాటమనీ, తప్పుపడితే అసూయ అనీ లోకం అంటుంది. రే ఆ సంకోచం పెట్టుకోలేదు. 1971లో నవ్య సినిమా ఉద్యమాన్ని సమీక్షిస్తూ, ఆ ఉద్యమానికి ఆద్యమని చెప్పుకునే మృణాల్ సేన్ చిత్రం ‘భువన్ షోమ్’ కథను ఏడు ఇంగ్లీషు మాటలలో ఎగతాళిగా కుదించి చెప్పారు. కొత్తదనమంతా పైపూత అనీ, లోపల ఉన్నది పాత జనరంజక సూత్రమేననీ ఆయన భావం. అంతకు ఆరేళ్ళ ముందు, 1965లో, సేన్ తీసిన ‘ఆకాశ్ కుసుమ్’ మీద ‘స్టేట్స్‌మన్’ లేఖల శీర్షికలో వీరిద్దరి మధ్య సాగిన వాగ్వాదం కలకత్తా సాంస్కృతిక చరిత్రలో ఒక అధ్యాయమైపోయింది.

1974 నాటి మరొక వ్యాసంలో ఆయన ‘గరమ్ హవా’, ‘మాయా దర్పణ్’, ‘దువిధా’, ‘అంకుర్’ అనే నాలుగు చిత్రాలను పరిశీలించారు. కుమార్ షహానీ, మణి కౌల్‌ల చిత్రాలలో రూపం పట్ల ఉన్న శ్రద్ధ మనుషుల పట్ల లేదని ఆయన అభియోగం. తెలంగాణ భూస్వామ్య వ్యవస్థను నేపథ్యంగా తీసుకుని, హైదరాబాదు సమీపంలో నిర్మించిన శ్యామ్ బెనెగల్ చిత్రం ‘అంకుర్’ను ఆయన ఆదరించారు, షబానా ఆజ్మీ నటనను ప్రత్యేకంగా ప్రశంసించారు. మణి కౌల్ విషయంలో రే తీర్పు కొంత కఠినమనే చెప్పాలి. మనిషిని చూపడానికి ఒకే ఒక మార్గమున్నదన్న ధోరణి అందులో ధ్వనిస్తుంది. రే మరణించిన ఏడేళ్ళకు, 1999లో, అదే మణి కౌల్ రాయపూర్‌లో నివసించిన రచయిత వినోద్ కుమార్ శుక్ల నవల ‘నౌకర్ కీ కమీజ్’ను చిత్రంగా మలిచారు. ఒక చిన్న గుమాస్తా దైన్యాన్ని, దానిలోని మెత్తని హాస్యాన్ని పట్టుకున్న ఆ చిత్రంలో మనుషులు లేరని ఎవరూ అనలేరు.

డాక్యుమెంటరీల గురించి రే వ్యక్తం చేసిన అభిప్రాయాలలో ఎస్. సుఖదేవ్ తీసిన ‘ఇండియా 67’ను గురించినది తలచుకోదగినది. ఫిల్మ్స్ డివిజన్ నిర్మించిన ఆ చిత్రం దేశంలోని సంపదను, దారిద్ర్యాన్ని పక్కపక్కన పెట్టి చూపుతుంది. చాలామంది దానిని మెచ్చుకున్నది ఆ వైరుధ్యాల కోసమే. రేకు మాత్రం ఆ పెద్ద గొంతు పట్టలేదు. ఎడారి ఇసుకలో పాకే పురుగు, నిలబెట్టిన సైకిలు మీద కాలెత్తే కుక్క, దుమ్ముకొట్టుకుపోయిన వాద్యగాని ముక్కు కొనన నిలిచిన చెమట బిందువు ఆయనకు నచ్చాయి. తీర్పు చెప్పే దృశ్యం కంటే, తీర్పు అవసరం లేకుండా చేసే చిన్న వివరం మిన్న అన్నది ఈ అభిప్రాయంలోని సారం. రే గీటురాళ్ళలో ఇంతకంటే నమ్మదగినది మరొకటి లేదు. ‘సద్గతి’ని గీసి చూడవలసినది కూడా దీని మీదనే.

అంతకంటే ముందు తెలుగువారికి సన్నిహితమైన ఒక విషయం చెప్పవలసి ఉన్నది. ప్రేమ్‌చంద్ కథలలోని దళిత జీవితాన్ని రే కంటే నాలుగేళ్ళు ముందే ఒక బెంగాలీ దర్శకుడు పరాయి భాషలో తెరకెక్కించారు. ఆ దర్శకుడు రే విమర్శలకు గురైన మృణాల్ సేన్. ఆ భాష తెలుగు. ప్రేమ్‌చంద్ చివరి రోజుల కథ ‘కఫన్’ ఆధారంగా 1977లో ‘ఒక ఊరి కథ’ నిర్మితమైంది. ఆ సంవత్సరపు ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. ఉత్తరాది పల్లె కథను తెలంగాణ పల్లెకు తరలించిన ఆ చిత్రంలో వాసుదేవరావు పోషించిన వెంకయ్య పాత్రను చూసినవారు మరచిపోలేరు. పని చేసేవాడికే తిండి లేనప్పుడు పని ఎందుకు చేయాలన్నది వెంకయ్య తర్కం. ప్రేమ్‌చంద్ కథలో సోమరితనంగా, కొంత అసహ్యంగా కూడా కనిపించే ప్రవర్తనను సేన్ ఒక నిరాకరణగా మార్చారు. మార్పు మరీ ముదురు రంగులో జరిగిందన్న ఆక్షేపణకు తావుంది. వెంకయ్య అప్పుడప్పుడు మనిషిగా కాక వాదంగా మాట్లాడతాడు. కాని భాష రాని దర్శకుడు ఆ నేల కోపాన్ని పసిగట్టాడన్నది కాదనలేని సత్యం.

‘సద్గతి’లోని దుఃఖీ దీనికి పూర్తి విరుద్ధమైన మనిషి. చర్మకార కులస్థుడైన అతడు కూతురి నిశ్చితార్థానికి ముహూర్తం పెట్టించుకోవడానికి పండితుడైన ఘాసీరాం ఇంటికి వెళతాడు. జ్వరం నుండి అప్పుడే లేచిన మనిషి. పొద్దుటి నుండి తిండి లేదు. వట్టి చేతులతో వెళ్ళకూడదని గడ్డి కోసి మోపు కట్టి తీసుకెళతాడు. పండితుడు అతడికి పనులు చెబుతాడు. వాకిలి ఊడ్చాలి, ఊక మోయాలి, చివరకు ఒక పెద్ద మొద్దును చీల్చాలి. గొడ్డలి మొండిది, మొద్దు ముడులు పడి రాయిలా ఉన్నది. పండితుడు భోజనం చేసి నిద్రపోతాడు. లేచి వచ్చి పని కాలేదని మందలిస్తాడు. పట్టుదలతోనో, అణగిన కోపంతోనో దుఃఖీ ఆ మొద్దును కొట్టి కొట్టి అక్కడే కూలి మరణిస్తాడు. శవం అగ్రవర్ణాల వారు నీటికి వెళ్ళే దారిలో పడి ఉంది. దానిని బ్రాహ్మణులు తాకరు. దుఃఖీ కులంవారు తీయరు. తీయవద్దని వారికి చెప్పినవాడు ఒక గోండు. వాన కురుస్తుంది. చివరకు పండితుడే శవాన్ని తాడు కట్టి ఈడ్చుకుపోతాడు.

ఇంతే కథ. ఓం పురి దుఃఖీగా, స్మితా పాటిల్ అతడి భార్య ఝురియాగా, మోహన్ ఆగాషే పండితుడుగా, గీతా సిద్ధార్థ్ పండితుని భార్యగా నటించారు. ఛాయాగ్రహణం సౌమేందు రాయ్‌ది. సంభాషణల రచనలో ప్రేమ్‌చంద్ కుమారుడు అమృత్ రాయ్ పాలుపంచుకున్నారు. ఆ సంవత్సరపు జాతీయ చలనచిత్ర పురస్కారాలలో న్యాయనిర్ణేతల ప్రత్యేక బహుమతి దీనికి లభించింది.

సుఖదేవ్ చిత్రంలో రే వెదుక్కున్న చిన్న వివరం ‘సద్గతి’లో శవాన్ని ఈడ్చే ఘట్టంలో ఉన్నది. శవాన్ని తాకితే మైల. ఈడ్చాలంటే కాలికి ఉచ్చు బిగించాలి. పండితుడు ఒక కర్ర తెచ్చి, ఆ కర్రతో శవం పాదాన్ని పైకెత్తి, ఎడంగా నిలిచి ఉచ్చు తగిలిస్తాడు. ఈ పనికి పట్టే సమయమంతా కెమెరా ఓపికగా చూస్తుంది. అస్పృశ్యత గురించి ఎన్ని ఉపన్యాసాలు చెప్పినా ఆ కర్ర చెప్పినంత చెప్పలేవు. పండితుడిని రే రాక్షసుడిగా చూపలేదు. అతడు తిండి, నిద్ర ఇష్టపడే సామాన్యుడు. చేస్తున్నది అన్యాయమని అతడికి తోచనే తోచదు. భార్య కూడా అంతే. చిలుం వెలిగించుకోవడానికి దుఃఖీ నిప్పు అడిగితే ఆమె విసుక్కుంటుంది, తరువాత జాలిపడుతుంది, ఆ జాలి భోజనం పెట్టేదాకా రాదు. చిత్రాన్ని భరించరానిదిగా చేస్తున్నది ఈ సామాన్యత్వమే. 1980లో రాజ్యసభ సభ్యురాలు నర్గీస్ దత్ రే చిత్రాలు దేశ దారిద్ర్యాన్ని విదేశాలకు ఎగుమతి చేస్తున్నాయని ఆరోపించారు. మరుసటి ఏటనే ఆయన దారిద్ర్యం కంటే దుర్భరమైన విషయాన్ని, విదేశీ ఉత్సవాల కోసం కాక స్వదేశంలోని ఇళ్ళలో చూసే ప్రభుత్వ ప్రసార మాధ్యమం కోసం చిత్రించారు. షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం రావడానికి అప్పటికి ఇంకా ఎనిమిదేళ్ళున్నాయి.

ఇంతవరకు గీటురాయి మీద పడిన గీత మేలిమి బంగారపు గీతే. ఇక రెండవ పరీక్ష: చుట్టూ ఉన్నదానిని చూడడం, వినడం.

ప్రేమ్‌చంద్ కథ 1930ల ఆరంభానికి చెందినది. విజయనగరం నుండి రాయపూర్ వరకు రైలుమార్గం పూర్తయి, కోస్తా తెలుగు జిల్లాలకు ఈ ప్రాంతంతో నేరు సంబంధం ఏర్పడినది కూడా ఆ కాలంలోనే. ఆ కథలోని పల్లె ఉత్తరప్రదేశ్ పల్లె. రే దానిని ఛత్తీస్‌గఢ్ మట్టిలో నాటారు. చూసిన వాటిలో ఒకటి వెంటనే ఆయన కంటబడింది. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో దసరాకు కాల్చివేసే రావణుడే కాక, ఏడాది పొడుగునా నిలిచి ఉండే రావణ విగ్రహాలు కూడా ఉంటాయి. రాయపూర్ నగరంలో రావణభాఠా అన్న పేరుతో ఒక మైదానమే ఉన్నది. అటువంటి పదితలల విగ్రహం ‘సద్గతి’ దృశ్యాలలో కనిపిస్తుంది. పులస్త్య బ్రహ్మ మనుమడైన రావణుడు కూడా బ్రాహ్మణుడే అన్న సంగతిని చిత్రం ఎక్కడా చెప్పదు. చెప్పనవసరం కూడా లేదు.

కాని కంటబడనిది ఒకటున్నది. దుఃఖీ వంటి మనుషులు బ్రాహ్మణుని గడప తొక్కడం మాని అప్పటికి నూరేళ్ళు దాటిన నేల అది. గిరౌద్‌పురిలో 1756లో జన్మించినట్లు చెప్పబడే గురు ఘాసీదాస్, పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధంలో సత్‌నామ్ మతాన్ని బోధించారు. ఆయన బోధలో విగ్రహారాధన లేదు, పురోహితుడు లేడు, కులభేదం లేదు. ఈ మార్గాన్ని అనుసరించినవారిలో అత్యధికులు చర్మకార కులానికి చెందినవారు. వారు తమ పాత కులనామాన్ని వదిలి సత్‌నామీలుగా తమను తాము పిలుచుకున్నారు. తెల్లని జైతఖాంబ్ స్తంభం వారి పల్లెలకు గుర్తు; పంథీ నృత్యం వారి ఉపాసన. ముహూర్తం కోసం పండితుని వాకిట్లో మొద్దు చీల్చవలసిన అవసరాన్నే ఈ ఉద్యమం నిరాకరించింది. పండితుని పేరు ఘాసీరాం కావడం, గురువు పేరు ఘాసీదాస్ కావడం యాదృచ్ఛికం. కాని ఆ ప్రాంతపు ప్రేక్షకుడికి ఆ రెండు పేర్ల మధ్య దూరం ఎంతటిదో చెప్పకుండానే తెలుస్తుంది. చిత్రంలో ఆ చరిత్ర ఛాయ ఎక్కడా లేదు. దుఃఖీ సత్‌నామీ కాడు, కథ వేరొక ప్రాంతానిది, దర్శకుడు మూలకథకు విధేయుడు అని సమాధానం చెప్పవచ్చు. ‘భువన్ షోమ్’ను ఏడు మాటలలో తేల్చిన విమర్శకుడు మాత్రం మరొకరి చిత్రం విషయంలో ఈ సమాధానంతో తృప్తి పడి ఉండేవారా అన్నది సందేహమే.

పదహారేళ్ళ ముందు ఆ నేల తన మాట తానే చెప్పుకున్నది. 1965లో విడుదలైన ‘కహి దేబే సందేశ్’ ఛత్తీస్‌గఢీ భాషలో తొలి కథాచిత్రం. దానిని నిర్మించి దర్శకత్వం వహించిన మను నాయక్ ఆ ప్రాంతం నుండి బొంబాయి వెళ్ళి చిత్రరంగంలో చిన్న ఉద్యోగాలతో జీవించినవారు. తొలి భోజ్‌పురి చిత్రం సాధించిన విజయం చూసి, తన భాషలో కూడా చిత్రం తీయవచ్చునన్న ధైర్యం తెచ్చుకున్నారు. రాయపూర్ సమీపాన పలారీ గ్రామంలో చిత్రీకరణ జరిపారు. మహమ్మద్ రఫీ వంటి గాయకులు ఛత్తీస్‌గఢీలో పాడారు. గీత రచయిత డాక్టర్ హనుమంత్ నాయుడు. ఆ పేరు వద్ద తెలుగు పాఠకుని చూపు ఒక క్షణం ఆగుతుంది. కథ సత్‌నామీ యువకుడికీ, బ్రాహ్మణ యువతికీ మధ్య ప్రేమ. నిరసనలు చెలరేగాయి; విడుదలకు ఆటంకాలు ఎదురయ్యాయి. కళగా చూస్తే ఆ చిత్రం ‘సద్గతి’ దరిదాపులకు రాదు. పాటలు, మలుపులు, నీతి అన్నీ నాటి బొంబాయి కొలతల ప్రకారమే ఉన్నాయి. కాని ఆ చిత్రంలోని సత్‌నామీ యువకుడు చేతులు కట్టుకుని నిలబడడు, మొద్దు కింద కూలిపోడు. జాతీయ స్థాయి విమర్శకుల వ్యాసాలలో ఈ చిత్రం ప్రస్తావన అరుదు. విమర్శకుడు ఎంత నిశితదృష్టి కలవాడైనా, తన ఊరి ప్రదర్శనశాలకు రాని చిత్రాన్ని చూడలేడు. భాషకు బలం లేనప్పుడు చిత్రానికి ప్రయాణం లేదు.

ఇక్కడ మళ్ళీ ‘సద్గతి’లోని గోండు వద్దకు రావాలి. ఆ పాత్రకు నిడివి తక్కువ. మొద్దు చీల్చడానికి అవస్థ పడుతున్న దుఃఖీతో, పని చేయించుకునేవాడు తిండి పెట్టవద్దా అని అతడే అంటాడు. మరణం తరువాత, శవాన్ని ముట్టవద్దనీ, పోలీసులు రావలసిన వ్యవహారమనీ చర్మకార వాడకు చెప్పేవాడు కూడా అతడే. చిత్రం మొత్తంలో ‘కాదు’ అన్న మాట పలికేది ఆ ఒక్క గొంతు. ఆ పాత్రకు రే బొంబాయి నటుడినో, పుణే నటుడినో తీసుకోలేదు. రాజ్‌నంద్‌గావ్‌కు చెందిన జానపద గాయకుడు భయ్యాలాల్ హేడావును ఎన్నుకున్నారు. దావు రామచంద్ర దేశ్‌ముఖ్ 1971లో బఘేరా గ్రామంలో ఆరంభించిన ‘చందైనీ గోండా’ అన్న జానపద రంగస్థల బృందంలో పేరు పొందిన కళాకారుడాయన. చుట్టూ అఖిల భారత ఖ్యాతి గల నటులు నటిస్తుండగా ఆయన నటించినట్లు కనిపించడు. ఆ దారిన పోతూ ఆగి మాట్లాడినట్లు ఉంటుంది. నిరాకరణను ఆ నేల మనిషి నోట పలికించడం రే బుద్ధిపూర్వకంగా చేశారో, విమర్శకుడి చెవి తనంతట తానే ఆ గొంతును పట్టుకున్నదో! పల్లె చరిత్రను చూడని కెమెరా పల్లె గొంతును మాత్రం విన్నది. ‘సద్గతి’లో రాయపూర్ ఉన్నదంటే ఎక్కువగా ఆ గొంతులోనే.

ఈ గొంతు విలువను రే కంటే ముందు గుర్తించినవారు హబీబ్ తన్వీర్. 1923లో రాయపూర్‌లో జన్మించి, లండన్‌లో నాటక శిక్షణ పొంది తిరిగి వచ్చిన ఆయన, పల్లె నటులను నగర భాషలోకి మార్చే ప్రయత్నం విరమించి వారి ఛత్తీస్‌గఢీనే రంగస్థల భాషగా స్వీకరించారు. విజయదాన్ దేథా చెప్పిన రాజస్థానీ కథ ఆధారంగా ఆయన రూపొందించిన ‘చరణ్‌దాస్ చోర్’లో సత్‌నామీల పంథీ నృత్యం అంతర్భాగమైంది. అబద్ధమాడనన్న ఒట్టు కోసం ప్రాణం విడిచే దొంగ కథకు, సత్యమే దైవమని నమ్మిన జాతి నృత్యం కంటే తగినది మరేముంటుంది? 1975లో శ్యామ్ బెనెగల్ బాలల చిత్ర సమితి కోసం దీనిని చిత్రంగా తీశారు. లాలూరాం దొంగగా నటించిన ఆ చిత్రంలో రాణి పాత్రతో తెర మీదకు వచ్చిన స్మితా పాటిల్, ఆరేళ్ళ తరువాత రాయపూర్ పల్లెలో ఝురియాగా వానలో తడుస్తూ విలపించింది. 1982లో ఎడిన్‌బరో ఉత్సవంలో ఆ నాటకం బహుమతి గెలుచుకున్నది.

గొంతును వినని కెమెరాకు కూడా ఈ ప్రాంతంలో ఉదాహరణ లేకపోలేదు. స్వీడన్ దేశపు ప్రసిద్ధ డాక్యుమెంటరీ దర్శకుడు ఆర్నె సుక్స్‌డార్ఫ్ 1950లలో బస్తర్ అడవులకు వచ్చి మురియా గోండుల మధ్య ‘ది ఫ్లూట్ అండ్ ది ఆరో’ అన్న చిత్రాన్ని తీశారు. ఓరుగల్లు పతనానంతరం తరలి వెళ్ళిన కాకతీయుల సంతతిగా చెప్పుకున్న రాజుల సీమ కనుక బస్తర్ తెలుగువారికి బొత్తిగా పరాయిది కాదు. రవిశంకర్ సంగీతం సమకూర్చిన ఆ చిత్రం 1957లో వెలువడి, మరుసటి ఏడు కాన్ ఉత్సవానికి వెళ్ళింది. రంగుల సౌందర్యంలో దానికి వంక పెట్టలేము. అందులో పులితో ఆడుకునే బాలుడు చెంద్రు ముఖచిత్రంగా ప్రపంచమంతా తిరిగాడు; అతని గురించి దర్శకుని భార్య ఆస్ట్రిడ్ రాసిన పుస్తకం పలు దేశాల పిల్లలు చదువుకున్నారు. కాని చిత్రంలో చెంద్రు చూడదగిన దృశ్యమే తప్ప మాట గల మనిషి కాడు. నారాయణపూర్ సమీపంలోని తన ఊళ్ళో పేదరికంలో జీవించి చెంద్రు మండావి 2013 సెప్టెంబరులో మరణించాడు. నయా రాయపూర్‌లోని జంగిల్ సఫారీలో పులి పక్కన అతని విగ్రహం తరువాత వెలిసింది.

ఇరవై ఒకటవ శతాబ్దంలో ఈ ప్రాంతపు మనుషులు తెర మీద తరచుగా కనిపించసాగారు. 2010లో అనూషా రిజ్వీ తీసిన ‘పీప్లీ లైవ్’లో భిలాయీకి చెందిన ఓంకార్ దాస్ మాణిక్‌పురి నాయకుడు, హబీబ్ తన్వీర్ బృందపు నటులు ఎందరో అందులో ఉన్నారు. పరిహారం కోసం ఆత్మహత్యకు సిద్ధపడే రైతు కథ తెలుగు నేల మీద ఎంతటి చేదు అనుభవాన్ని గుర్తుచేస్తుందో చెప్పనక్కరలేదు. చిత్రం మొదటి భాగంలో ఆ నటులు చూపిన సహజత్వం, రెండవ భాగంలో టెలివిజన్ విలేఖరుల మీద హాస్యం పెరిగేకొద్దీ పలచబడింది. నగర ప్రేక్షకుడు తనను చూసి తాను నవ్వుకోవడంలో పడి నత్థాను మరచిపోతాడు. 2017 నాటి ‘న్యూటన్’ ఇంతకంటే నిగ్రహం గల చిత్రం. దల్లీ రాజ్‌హరా పరిసరాలలో చిత్రీకరించిన ఈ అమిత్ మసూర్కర్ చిత్రంలో 76 మంది ఓటర్ల కోసం అడవిలో పోలింగు కేంద్రం తెరుస్తారు. చట్టాన్ని అక్షరాలా నమ్మిన ఎన్నికల అధికారికి ఆ ఓటర్ల భాష తెలియదు. స్థానిక ఉపాధ్యాయిని మల్కో గోండీ నుండి హిందీకి, హిందీ నుండి గోండీకి మాటలు మోస్తుంది. ఓటరుకు అభ్యర్థులెవరో తెలియదు, అధికారికి ఓటరెవరో తెలియదు. మధ్యలో ఇద్దరికీ తెలిసినది ఆ ఒక్క అమ్మాయి. ఎన్నికల విధులు నిర్వర్తించిన ఏ ఉద్యోగి అయినా ఆ దృశ్యంలో తన అనుభవాన్ని గుర్తుపడతాడు. రే మెచ్చే చిన్న వివరాలు ఈ చిత్రంలో ఉన్నాయి. పెద్ద గొంతు మాత్రం చివరి ఘట్టంలో ఒకసారి వినిపిస్తుంది.

ఛత్తీస్‌గఢీ భాషా చిత్రాల మార్గం వేరుగా సాగింది. 1971లో వచ్చిన ‘ఘర్ ద్వార్’ తరువాత దాదాపు మూడు దశాబ్దాలు స్తబ్దత. రాష్ట్రం ఏర్పడడానికి కొద్ది రోజుల ముందు, 2000 అక్టోబరులో విడుదలైన సతీశ్ జైన్ చిత్రం ‘మోర్ ఛైన్హా భుయ్యా’ అనూహ్య విజయం సాధించి ఒక పరిశ్రమకు పునాది వేసింది. ఆ వెనుక వచ్చిన చిత్రాలలో అధిక భాగం హిందీ, తెలుగు వాణిజ్య చిత్రాల అనుకరణలే. వాటిని గురించి గట్టిగా మాట్లాడే విమర్శకులు కూడా ఆ భాషలో తగినంతమంది లేకపోవడం మరొక లోటు. అటువంటి వాతావరణంలో మనోజ్ వర్మ ‘భూలన్ ద మేజ్’ తీశారు. సంజీవ్ బక్షీ నవలకు అది చిత్రరూపం. భూలన్ కందా అన్న మొక్క మీద కాలు పడితే మనిషి దారి మరచి తిరుగుతాడనీ, మరొకరు వచ్చి తాకేదాకా అతడికి దారి తెలియదనీ అక్కడి అడవి పల్లెల నమ్మకం. ఒకడు చేసిన నేరాన్ని మరొకడు తన మీద వేసుకుంటే, ఊరంతా ఒక్కమాట మీద నిలబడితే, న్యాయస్థానం ఎవరిని శిక్షించాలన్న చిక్కు అందులోని కథ. 2021 మార్చిలో ప్రకటించిన 67వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ ఛత్తీస్‌గఢీ చిత్రంగా అది ఎంపికైంది. ‘కహి దేబే సందేశ్’ విడుదలైన యాభై ఆరు సంవత్సరాలకు ఆ భాషా చిత్రానికి ఆ గౌరవం దక్కింది.